సీమపనస మీద గోరు

బుధవారం నాటి వేపుడు ముద్దయిపోకుండా ఉంటే వ్యవహారం ఇంతదూరం వచ్చేదే కాదు. సుభద్రమ్మ తర్వాత ఎన్నిసార్లు తలుచుకున్నా అక్కడికే వచ్చి ఆగింది.

పని ఎక్కడా తప్పు చెయ్యలేదావిడ. చేతులకి నూనె రాసుకుంది, కత్తికీ రాసింది. సీమపనసకాయ చెక్కు తీసి, నాలుగు బద్దలు చేసి, నడిమి బెండు తీసేసి, చిటికెనవేలి మందాన ముక్కలు తరిగి ఉప్పూ పసుపూ వేసిన నీళ్ళలో పడేసింది. అంబాజీపేటలో ఉన్నన్నాళ్ళూ కళ్ళు మూసుకుని చేసిన వంట అది. మూకుట్లో పడ్డ ముక్క అంచులు ఎర్రబడుతూ విడివిడిగా గలగల్లాడాలి. ఆ రోజు ముక్కలన్నీ ఒకదాన్నొకటి కావలించుకుని, అట్లకాడ తగిలితే చాలు చితికిపోయి, చివరికి బంగాళాదుంపలు మెదిపినట్టు ఓ ముద్దయి కూర్చున్నాయి.

"బాగుందండీ అత్తయ్యగారూ," అన్నాడు అల్లుడు దుర్గేష్, పెరుగుగిన్నె దగ్గరికి లాక్కుంటూ.

రెండోసారి వేసుకోని కూర బాగుందంటే సుభద్రమ్మకి ఒళ్ళు మండుకొస్తుంది. బాగాలేదంటే పోయె, ఆ మాట పట్టుకుని ఇద్దరూ నాలుగు మాటలు చెప్పుకోవచ్చు. ఇరవై రెండేళ్ళుగా ఈ అల్లుడు ఏం పెట్టినా "బాగుందండీ", ఏం జరిగినా "పర్లేదండీ". గోడకి సున్నం కొట్టినట్టు మర్యాద. లోపల ఇటుకుందో మట్టుందో ఎవరికి తెలుసు?

"అమ్మా, అది మన కాయ కాదే. సమోవా నుంచి వస్తుంది," అంది కూతురు ఇంద్రజ.

"సీమపనస ఎక్కడైనా సీమపనసేనే. ఓడెక్కి వచ్చినంత మాత్రాన వంకాయ దొండకాయ అయిపోద్దా?"

"వంకాయల్లోనే ఎన్ని రకాలు లేవూ?"

"నాకు చెప్పకు. ముదురుకాయ పడింది, అంతే."

ముదురుకాయ పడిందన్నది ఆవిడ తీర్పు. తీర్పు ఇచ్చేశాక నిద్ర పట్టాలి కదా, పట్టలేదు.

మర్నాడు పదింటికి ఎప్పటిలాగే అల్లుడి కారులో అతని కొట్టుకి బయల్దేరింది. హాబ్సన్‌విల్‌లో కూతురిది పరాయిదేశపు కాపురం. వాళ్ళ వీధి వీధంతా కొత్త ఇళ్ళు, అన్నిటికీ ఒకటే రంగు, పగలు ఏ ఇంట్లోనూ మనిషి అలికిడి ఉండదు. కొట్టు హెండర్సన్‌లో. ఒక పక్క కందిపప్పు, మినపగుళ్ళు, గోంగూర. ఇంకో పక్క చేమదుంపలు, కర్రపెండలం, కొబ్బరికాయలు, సీమపనస. వచ్చేవాళ్ళలో సగం మనవాళ్ళు, సగం సమోవా, టోంగా, ఫిజీల వాళ్ళు. సుభద్రమ్మ కూరగాయల అరల పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చుని, కొత్తిమీర కట్టలు కడుతూ, మెంతికూరలో పండుటాకులు ఏరుతూ, తెలుగు వచ్చినవాళ్ళతో తెలుగులోనూ, రానివాళ్ళతో నవ్వుతోనూ పొద్దుపుచ్చుతుంది.

ఆ గురువారం సీమపనస పెట్టె దిగింది. ముప్ఫై కాయల దాకా ఉంటాయి. కొన్ని మనిషి తలకాయంత, గుండ్రంగా ఉన్నాయి. కొన్ని చిన్నవి, కాస్త కోలగా. ఆ తేడా సుభద్రమ్మ చూసింది గానీ పట్టించుకోలేదు. ఆవిడకి కావాల్సింది లేతకాయ. లేతదో ముదురుదో తేల్చడానికి ఆవిడ దగ్గర అరవై ఏళ్ళుగా ఉన్నది ఒకటే సాధనం: కుడిచేతి బొటనవేలి గోరు. సొరకాయకి గోరు గుచ్చి చూడకుండా కొన్న పూట ఆవిడ జీవితంలో లేదు. బీరకాయా అంతే, ముల్లంగీ అంతే. గోరు దిగితే లేత, దిగకపోతే ముదురు, అంతకి మించి ఆలోచించాల్సిందేముంది?

మొదటి కాయకి గుచ్చింది. తెల్లగా పాలు ఉబికాయి. రెండోదానికి గుచ్చింది. దానికీ పాలే. పైట చెంగుకి వేలు తుడుచుకుని మూడోది, నాలుగోది. "అన్నీ ఒకలాగే పాలు కారుస్తున్నాయి, వీటి మొహం మండా," అని విసుక్కుంటూ, పెట్టె అడుగుదాకా వెళ్ళింది. ఒక్కటీ తేలలేదు. అన్నిటినీ మళ్ళీ పేర్చి, జిగురంటిన వేలు పట్టుకుని వెనక గదిలోకి వెళ్ళి కొబ్బరినూనె రాసుకుంది. పనస జిగురు వదలాలంటే నూనె తప్ప ఇంకోటి లేదని ఆవిడకి తెలుసు. గోటి కింద ఇరుక్కున్నది మాత్రం నూనెకీ వదల్లేదు.

*

శుక్రవారం పదకొండింటికి లోసా వచ్చింది. ప్రతి శుక్రవారం అదే వేళకి వస్తుంది. డెబ్భై దాటిన మనిషి, పొడుగరి, తెల్లటి జుట్టు ముడేసి దువ్వెన గుచ్చుకుంటుంది, పెద్ద పెద్ద పువ్వుల గౌను వేసుకుంటుంది, వెనక చక్రాల సంచి లాక్కొస్తుంది. ఆదివారం చర్చి అయ్యాక నలభైమందికి ఆవిడ చేతి వంట. అందుకని పద్నాలుగో పదిహేనో కాయలు పట్టుకెళ్తుంది. రెండేళ్ళ నుంచి చూస్తున్నా సుభద్రమ్మకీ ఆవిడకీ మధ్య నవ్వు తప్ప మాట లేదు.

లోసా కాయ ఏరే పద్ధతి చూడముచ్చటగా ఉంటుంది. దోసిట్లో ఎత్తి, పసిబిడ్డ తలని తిప్పినట్టు తిప్పి చూసి, తొడిమ దగ్గర వాసన చూసి, పక్కన పెడుతుంది. గుండ్రటివి ఒక వరస, కోలవి ఒక వరస. ఆ రోజు నాలుగు కాయలు అలా పెట్టి, అయిదోది చేతిలో ఉండగా ఆగిపోయింది. తిప్పి చూసింది. పెట్టినవాటిని మళ్ళీ తీసి చూసింది. నిన్నటి పాలు ఎండి, ప్రతి కాయ మీదా నెలవంకలాగా నల్లటి గాట్లు. ఒక్కో కాయకి ఒకటి, కొన్నిటికి రెండు.

కాయ తీసుకెళ్ళి గల్లా మీద పెట్టి, పక్కనే చెయ్యి ఆనించి దుర్గేష్‌కి చూపించింది.

దుర్గేష్‌కి ఆ పొద్దున్నే ఫ్రీజర్ పాడయింది. బాగుచేసేవాడు వస్తానని రాలేదు. కాయ చూశాడు, లేచి వచ్చి పెట్టె చూశాడు, ఒక్కొక్కటే తిప్పి చూశాడు. అతని మెడ ఎర్రబడింది. ఇంట్లో గొంతెత్తి ఎరగని మనిషి ఇంగ్లీషులో మొదలుపెట్టాడు. అందులో సుభద్రమ్మకి తెలిసిన మాటలు మూడే: "యూ", "టచ్", "ఎవ్రీ వీక్". మూడూ చాలు.

లోసా అడ్డంగా తలూపింది. మెల్లిగా ఏదో చెప్పింది. అతను వినలేదు. కొట్లో అయిదారుగురు తల తిప్పి చూశారు.

వాళ్ళలో గిరిజ ఉంది. కాకినాడ మనిషి, ప్రతి శుక్రవారం బెండకాయలకి వస్తుంది. "ఎన్నిసార్లు చెప్పినా వీళ్ళకి బుర్రకెక్కదండీ దుర్గేష్ గారూ. నొక్కందే, గిల్లందే కొనడం చేతకాదు," అంది. అంటూనే బెండకాయ మొన పటుక్కున విరిచి, లేతగా ఉందనుకుని సంచిలో వేసుకుంది. ఇంకోటి విరిచింది, విరగలేదు, తిరిగి బుట్టలో పడేసింది. బుట్ట నిండా అప్పటికే మొనలు వాలిపోయిన బెండకాయలు.

సుభద్రమ్మ పీట మీద కొత్తిమీర కట్ట పట్టుకుని కూర్చుండిపోయింది. లేవాలనుకుంది. లేచి, "అవి నా గోళ్ళు బాబూ," అంటే అయిపోయేది. కానీ ఇంతమంది ముందు, ఈ గిరిజ ముందు, అల్లుడు తన వైపు తిరిగి, "అత్తయ్యగారూ, మీరా!" అంటే? కూతురింట్లో తింటూ, కూతురింట్లో పడుకుంటూ, అల్లుడి చేత ఆ మాట పడ్డాక రేపటి నుంచి ఆ బల్ల దగ్గర ఏ మొహం పెట్టుకుని కూర్చోవాలి?

లోసా ఒక్కసారి చూపు తిప్పింది. కొట్టంతా తిరిగిన చూపు కొత్తిమీర కట్ట దగ్గర ఒక్క క్షణం నిలిచింది. కట్ట దగ్గరేనో, కట్ట పట్టుకున్న వేళ్ళ దగ్గరో. తర్వాత ఆవిడ కాయని గల్లా మీదే వదిలేసి, ఖాళీ సంచి లాక్కుంటూ వెళ్ళిపోయింది. సంచి చక్రం ఒకటి కీచుమంటూ వీధి చివరిదాకా వినిపించింది.

దుర్గేష్ అట్టముక్క మీద పెద్దక్షరాలు రాసి పెట్టె పైన గోడకి అంటించాడు. "ఏం రాశారు బాబూ?" అని అడిగింది సుభద్రమ్మ.

"ముట్టుకోవద్దని రాశానండీ. అడిగితే మనమే ఇస్తాం."

"మరి బెండకాయలకి?"

"బెండకాయలకి ఏమైందండీ?" అన్నాడతను, నిజంగానే అర్థం కాక.

*

శనివారం నిరుపమ గల్లాలో కూర్చుంది. ఇంద్రజ కూతురు, యూనివర్సిటీలో రెండో ఏడు. వేసవి సెలవుల్లో శనివారాలు తండ్రికి సాయం వస్తుంది. లోసాతో చర్చికి వెళ్ళే ఆడవాళ్ళు ఇద్దరు గుమ్మం దాకా వచ్చారు, అట్టముక్క చదివారు, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, చేమదుంపలు కూడా కొనకుండా వెళ్ళిపోయారు. పెట్టెలో గాటు పడ్డ కాయలు మెత్తబడి, ముగ్గిన వాసన మొదలైంది.

సుభద్రమ్మ ఇంక ఉండబట్టలేక మనవరాలి పక్కకి పీట జరుపుకుని చెప్పేసింది.

"అమ్మమ్మా! నువ్వా?" నిరుపమ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. తర్వాత నవ్వు ఆపింది. "అయితే నాన్నకి చెప్పేసెయ్."

"నువ్వు చెప్పవే."

"నేనెందుకు? నెయిల్ నీది కదా."

కన్నకూతురి కూతురు కూడా కాస్త అడ్డం నిలబడదు చూడండి. సరే, తనే చెప్తానని సాయంత్రం కారెక్కాక మొదలుపెట్టింది. సుభద్రమ్మకి ఒక మాట సూటిగా చెప్పడం పుట్టి బుద్ధెరిగాక చేతకాలేదు. గోటి మాట చెప్పాలంటే సొరకాయ మాట చెప్పాలి. సొరకాయ మాట చెప్పాలంటే అత్తగారి పెరట్లో సొరపాదు సంగతి చెప్పాలి. "మా అత్తగారు సొరకాయ కోయమంటే బాబూ, ముందు పందిరి కిందికెళ్ళి..." అనేసరికి దుర్గేష్ ఫోను మోగింది. "ఒక్క నిమిషమండీ అత్తయ్యగారూ." ఫ్రీజరు బాగుచేసేవాడు. అది అయ్యాక మళ్ళీ పందిరి దగ్గర్నుంచి అందుకుంది. మళ్ళీ ఫోను. హెండర్సన్ నుంచి హాబ్సన్‌విల్ ఎంతసేపు? పాదుకి పూత రాకుండానే ఇల్లొచ్చేసింది.

"ఏదో సొరపాదు అంటున్నారు?" అన్నాడు కారు దిగుతూ, మర్యాదగా.

"ఏం లేదు బాబూ," అంది ఒళ్ళు మండి. అతని మీదో తన మీదో ఆవిడకే తెలియలేదు.

ఆదివారం ఇంద్రజ బట్టలు మడతపెడుతుంటే పక్కన కూలబడింది.

"వదిలెయ్యమ్మా. అసలే ఆయన చిరాగ్గా ఉన్నారు. కాయలే కదా."

"కాయలు కాదే, మాట పడింది ఆవిడ. నా మూలాన."

"ఇప్పుడు నువ్వు చెప్తే ఆయన ఫీలవుతారు, నువ్వు ఫీలవుతావు. ఆవిడ ఇంకో షాప్‌లో కొనుక్కుంటుంది. ఎందుకొచ్చిన గొడవ?"

సుభద్రమ్మ కూతురి చేతిలో దిండుగలీబు లాక్కుని తనే మడత పెట్టింది, అడ్డదిడ్డంగా. ఆ మధ్యాహ్నం చర్చిలో నలభైమంది ఏం తింటున్నారోనని ఆలోచించింది. ఇంట్లో ఒక్కరికీ ఆ ఆలోచన లేదు. అందరూ ఫీలవ్వకుండా ఉండటమే అందరికీ కావాలి.

*

సోమవారం కొట్లో సరుకు దించుతుంటే, నిరుపమని వెంటబెట్టుకుని బయల్దేరింది. లోసా ఇల్లు ఆ పిల్లకి తెలుసు, ఓసారి బియ్యం బస్తా కారులో దింపి వచ్చింది. కొట్టుకి మూడు వీధుల అవతల చెక్క ఇల్లు, ముందు చేమమొక్కలు బారులు తీరి ఉన్నాయి. సుభద్రమ్మ చేతిలో సున్నుండల డబ్బా.

"అమ్మమ్మా, మెయిన్ పాయింట్ చెప్పు. సొరపాదు వద్దు."

"నోర్ముయ్యి, నాకు తెలుసు."

లోసా తలుపు తీసింది. ఇద్దర్నీ చూసి ఆశ్చర్యపడలేదు. లోపలికి పిలిచి చాప మీద కూర్చోబెట్టింది. తనూ ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఈ దేశంలో ఇన్నేళ్ళలో ఒక ఇంట్లో చాప మీద కూర్చోబెట్టడం ఇదే మొదలు. సుభద్రమ్మ మోకాళ్ళు కలుక్కుమన్నా ప్రాణం కుదుటపడింది.

మొదలుపెట్టింది. సొరపాదు వద్దనుకుంటూనే సొరపాదుతో మొదలుపెట్టింది. అత్తగారు, పందిరి, అంబాజీపేట బావి పక్కన సీమపనస చెట్టు, బుధవారం వేపుడు, రెండోసారి వేసుకోని అల్లుడు, గురువారం పెట్టె, గోరు, పాలు, నూనె, గిరిజ బెండకాయలు, కొట్లో లేవని కాళ్ళు, అన్నీ. పావుగంట చెప్పింది. చివరికొచ్చేసరికి కళ్ళ నీళ్ళు తుడుచుకుంటోంది.

నిరుపమ లోసా వైపు తిరిగి ఇంగ్లీషులో రెండు వాక్యాలు చెప్పింది.

"అంతేనా? నేను పావుగంట చెప్తే రెండు మాటలా?"

"అంతే కదా అమ్మమ్మా ఉన్నది. గోరు నీది, సారీ."

లోసా నవ్వింది. పెద్ద నవ్వు, చాప అదిరినట్టు. ముందుకి వంగి సుభద్రమ్మ కుడిచెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది. బొటనవేలు పైకి తిప్పి, గోటి కింద ఎండిన నల్లటి గీతని తన వేలితో తుడిచినట్టు రాసింది. తర్వాత తన రెండు చేతులూ చాచి వెలుతుర్లో పెట్టింది.

సుభద్రమ్మ చూసింది. ఆవిడకి గోళ్ళే లేవు. చిగురు కంటా కత్తిరించేసి ఉన్నాయి, పదికి పది.

"ముప్ఫై ఒక్క ఏళ్ళు చికెన్ ప్యాక్ చేసే ఫ్యాక్టరీలో చేసిందిట," అంది నిరుపమ. "నెయిల్స్ ఉంటే లోపలికి రానిచ్చేవాళ్ళు కాదుట. రిటైర్ అయినా కట్ చేసుకోకపోతే నిద్ర పట్టదుట."

అంటే ఆ రోజు కొట్లో ఆ చేతుల వైపు ఒక్కసారి చూసి ఉంటే చాలు. గల్లా మీద కాయ పెట్టి, దాని పక్కనే చెయ్యి పెట్టి నిలబడింది మనిషి. దుర్గేష్ కాయ చూశాడు, గాటు చూశాడు. చెయ్యి చూడలేదు.

"నావని అప్పుడే తెలుసా, అడగవే."

నిరుపమ అడిగింది. లోసా కొత్తిమీర కట్ట పట్టుకున్నట్టు పిడికిలి బిగించి, బొటనవేలు పైకి లేపి చూపించింది.

"మరి చెప్పలేదేం? అడుగు. నన్ను చూపించి ఇదిగో ఈవిడ అనొచ్చు కదా. నేనైతే అనేదాన్ని."

ఈసారి లోసా చాలాసేపు మాట్లాడింది. నిరుపమ విని వెంటనే చెప్పలేదు. సుభద్రమ్మ మోచేత్తో పొడిచింది.

"తను అక్కడ్నించి తన ఇంటికి వచ్చేస్తుందిట. నువ్వు ఆయన ఇంటికే కదా వెళ్ళాలి, అంటోంది."

కిటికీ బయట ఎవరో గడ్డి కోసే యంత్రం నడుపుతున్నారు. సుభద్రమ్మ సున్నుండల డబ్బా మూత తీసి లోసా ముందుకి జరిపింది.

లోసా లేచి వెళ్ళి వంటింట్లోంచి రెండు కాయలు తెచ్చింది. ఇంకెక్కడో, రెండు బస్సులు మారి కొనుక్కొచ్చిందిట. గుండ్రటిదాన్ని చూపించి "పుఓఉ" అంది. సుభద్రమ్మకి పువ్వు అని వినబడింది. కోలగా ఉన్నదాన్ని చూపించి "మాఅఫాలా" అంది. అది మా పాల అని వినబడింది. గుండ్రటిది వాళ్ళమ్మ నిప్పుల్లో కాల్చి, మెదిపి, కొబ్బరిపాల పాకం పోసేదిట. దానికి ముద్దవడమే అందం. ముక్కలు కోసి వేయించాలంటే కోలదే. వేళ్ళు మడుస్తూ ఇంకో నాలుగు పేర్లు చెప్పింది: ఒకటి పొయ్యిలో కాల్చడానికి, ఒకటి గోతిలో ఆకులు పరిచి పులియబెట్టి గాలివానల రోజులకి దాచుకోవడానికి. చెట్టు పాలు పడవ పగుళ్ళు పూడ్చడానికి. గోడ మీద ఫొటోలో తాటాకు గొడుగులాంటి ఇంటి కప్పు కింద వంపు తిరిగిన కర్రల మీద వేలు పెట్టి, "ఉలు" అంది. తర్వాత తన తల తట్టుకుని మళ్ళీ "ఉలు" అని నవ్వింది.

"సీమపనసనీ, తలనీ ఇంచుమించు ఒకేలా అంటారుట," అంది నిరుపమ.

"నా తల కూడా ఉలే అని చెప్పు," అంది సుభద్రమ్మ.

మొత్తానికి గోరు గుచ్చాల్సిన పనే లేదుట. కళ్ళతో చూస్తే తెలుస్తుందిట. బుధవారంనాటి వేపుడు ముదురుకాయ వల్ల పాడవలేదు, వేరే కాయ వల్ల పాడైంది. మామిడికాయల్లో రసానికీ బంగినపల్లికీ తేడా తెలియనివాళ్ళని చూసి తను జీవితమంతా నవ్వింది. అలాంటిది ముప్ఫై కాయల ముందు కూర్చుని రెండు రకాలున్నాయని కళ్ళెదురుగా కనిపిస్తున్నా గోరే నమ్ముకుంది.

"శుక్రవారం వస్తారా, అడుగు."

లోసా భుజాలు ఎగరేసింది. దానికి తర్జుమా అక్కర్లేకపోయింది.

*

తిరిగి కొట్టుకి వచ్చేసరికి దుర్గేష్ గాటు పడ్డ కాయలు నల్లసంచిలోకి తోస్తున్నాడు. గిరిజ కందిపప్పు దగ్గర నిలబడి ఫోన్లో మాట్లాడుతోంది. ఇంకో ఇద్దరు ముగ్గురున్నారు. సుభద్రమ్మ అల్లుడి దగ్గరికి నడిచింది.

"ఆగండి బాబూ."

సంచిలోంచి ఒక కాయ తీసింది. నల్లటి గాటు పైకి వచ్చేలా తిప్పి, బొటనవేలు దాని మీద పెట్టింది. గోరు గాట్లో కొలిచి చేసినట్టు కుదిరింది.

"ఇవి నా గోళ్ళు. అన్నీ నేనే గుచ్చాను."

అత్తగారు లేదు, పందిరి లేదు, సొరపాదు లేదు. పుట్టిన తర్వాత ఇంత చిన్న కథ ఆవిడ ఎప్పుడూ చెప్పలేదు. గిరిజ ఫోను చెవి దగ్గర్నుంచి దించింది.

దుర్గేష్ కాయ చూశాడు, వేలు చూశాడు. ఆవిడ శుక్రవారం నుంచి భయపడుతున్న "మీరా!" రాలేదు. మొహంలో ఏదో కదిలి, వెంటనే సర్దుకుంది. "పర్లేదండీ అత్తయ్యగారూ," అన్నాడు. "మీరు తెలియక చేశారు. దానికేముంది?"

సుభద్రమ్మకి తల కొట్టుకోవాలనిపించింది. అంతేనా? మూడు రోజులు తిండి సయించకుండా మోసుకు తిరిగింది ఈ మాట కోసమా? సున్నం కొట్టిన గోడ, అదే గోడ.

"నాకు పర్లేదన్న మాట అంత తేలిగ్గా వచ్చింది కదా బాబూ," అంది. "ఆవిడకి ఎందుకు రాలేదు?"

దుర్గేష్ చేతిలో నల్లసంచి కింద పెట్టాడు.

"ఆవిడకి గోళ్ళు లేవు. ఒక్కటీ లేదు. నీరూని అడగండి. ఇదే గల్లా మీద చెయ్యి పెట్టి నిలబడింది." కాయ గల్లా మీద పెట్టింది. "నావని ఆవిడకి ఆ రోజే తెలుసు. మీ ఇంట్లో నాకు మాట రాకూడదని తను మాట పడి వెళ్ళింది. మీకేమన్నా అనాలనిపిస్తే నన్ను అనండి. ఇంతమంది ముందు అనండి. ఆవిణ్ణి అన్నారుగా."

గిరిజ బెండకాయల బుట్ట దాకా వచ్చి, ఒక కాయ తీసుకుని, మొన మీద వేలు పెట్టి, విరవకుండా చేతిలో పట్టుకుని అలాగే నిలబడింది.

దుర్గేష్ అట్టముక్క పీకబోయాడు, టేపు ఊడి రాలేదు, రెండు చేతులతో లాగితే చిరిగి సగం గోడకే ఉండిపోయింది. ఆ చిరుగు వైపు కాసేపు చూశాడు. తర్వాత కారు తాళాలు తీసుకుని, "నీరూ, ఇల్లు చూపించు," అన్నాడు.

అరగంట తర్వాత వచ్చాడు. తిన్నగా గల్లాలోకి వెళ్ళి కూర్చున్నాడు. సుభద్రమ్మ మెంతికూర ఏరుతున్నట్టు ఏరి, ఇక ఆగలేక అడిగింది.

"ఏవన్నారు?"

"ఏమీ అనలేదండీ." అతను తన అరచేతులు బల్ల మీద పెట్టుకుని చూసుకున్నాడు. "సారీ చెప్పాను. ఆవిడ నా చేతులు రెండూ తిప్పి చూశారు. అంతే. టీ ఇచ్చారు."

*

శుక్రవారం పదకొండింటికి చక్రం కీచుమనడం వీధి చివర్నుంచే వినిపించింది. కొత్త పెట్టె దిగి ఉంది. దుర్గేష్ గల్లాలోంచి లేచి పెట్టె ఎత్తి, లోసా వంగక్కర్లేకుండా బల్ల మీద పెట్టి వెళ్ళి కూర్చున్నాడు. లోసా అతని వైపు చిన్నగా తలూపింది. పాత నవ్వు మాత్రం ఇవ్వలేదు, అది ఇంకా దాచుకుంది. గుండ్రటివి ఒక వరస, కోలవి ఒక వరస పేర్చుకుంది. వెళ్ళేముందు రెండు కోలకాయలు తీసి సుభద్రమ్మ ఒళ్ళో పెట్టి, వేలు చూపించి బెదిరించింది. సుభద్రమ్మ బొటనవేలు పైకెత్తి చూపించింది. గోరు కత్తిరించేసి ఉంది.

ఆ సాయంత్రం ముక్క ముక్కలాగే నిలబడింది. అంచులు ఎర్రబడి, మూకుట్లో గలగల్లాడింది. సుభద్రమ్మ ఉత్సాహం పట్టలేక ఉప్పు ఒకసారి వేసి, వేశానో లేదోనని ఇంకోసారి వేసింది.

దుర్గేష్ మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. మంచినీళ్ళు తాగాడు. ఇంద్రజ భర్త మొహం కేసి చూసింది.

"ఉప్పు ఎక్కువైందండీ అత్తయ్యగారూ," అన్నాడు.

నిరుపమ చెంచా ఆపేసింది. ఇరవై రెండేళ్ళలో ఆ బల్ల దగ్గర వినపడని మాట.

"ఎక్కువేం కాదు, మీ నోరే చప్పబడిపోయింది," అంది సుభద్రమ్మ.

"కాదండీ, బాగా ఎక్కువైంది. తినలేకపోతున్నాను." అంటూనే పళ్ళెం ముందుకి జరిపాడు. "ఇంకాస్త అన్నం వేసి, వేపుడు వెయ్యండి."